సాల్మన్ చేప ఆగే చోటు

చేపలు పెంచే పనికి కొత్తగా వచ్చేవాళ్ళందరూ మొదట మేత గురించి అడుగుతారు. ఎంత వెయ్యాలి, ఎప్పుడు వెయ్యాలి అని. అది మేత డబ్బా మీదే రాసి ఉంటుంది. డబ్బా మీద రాయని సంగతులు కొన్ని నాకు తెలుసు. వచ్చే నెల వీసా రద్దు చేయించుకుని కోనసీమ వెళ్ళిపోతున్నాను. మా షెడ్డులో నా చోటుకి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, ఇద్దరూ తెలుగువాళ్ళే. వాళ్ళ కోసం, వాళ్ళ తరవాత వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

వంటింట్లోంచి

మాది గోదావరి సముద్రంలో కలిసే చోట జాలరిపల్లె. మా నాన్నది వేట, మా ఆయనదీ వేటే. వరదనీళ్ళు ఎర్రగా దిగినప్పుడు సముద్రంలోని ఇలస చేప ఏటికి ఎదురీది పైకి ఎక్కుతుంది. ఏట్లోకి వచ్చాక దాన్నే పులస అంటాం. దాని కోసం పడవలు ఎదురుచూసే రోజుల్లో మా ఇళ్ళల్లో మగవాళ్ళు అన్నం కూడా నిలబడే తినేవాళ్ళు.

మా ఆయన పోయాక ఖతర్ వచ్చాను. అల్ వక్రాలో ఒక ఇంట్లో వంటపని. ఆ ఇంటి పెద్దాయన్ని అందరం బాబా అనేవాళ్ళం. ఆయన తాతలు ముత్యాల కోసం సముద్రంలో మునిగినవాళ్ళు. ఆయనకి డబ్బు ఎంత ఉన్నా నోటికి చేపే కావాలి. నేను చేప కడిగే తీరు చూసి, నువ్వు సముద్రం మనిషివి కదా అని మొదటి వారంలోనే అడిగాడు.

కొన్నేళ్ళకి ఆయనకి ఒక పిచ్చి పట్టింది. చలిదేశాల్లో ఉండే సాల్మన్ చేపని ఖతర్‌లో పెంచాలని. ఊరికి దక్షిణంగా ఉన్న తన తోటలో పెద్ద షెడ్డు వేయించాడు. ఎవరు నవ్వినా పట్టించుకోలేదు. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, సత్యా, రేపటినుంచి నువ్వు చేపలు వండొద్దు, పెంచు అన్నాడు. అలా మారింది నా పని.

సాల్మన్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు మా పులసే గుర్తుకొచ్చింది. ఇదీ అంతే. సముద్రంలో తిరిగి, గుడ్లు పెట్టడానికి ఏరు ఎక్కే చేప. తేడా ఏంటంటే ఇది ఏట్లో పుట్టి, సముద్రంలో పెరిగి, మళ్ళీ తను పుట్టిన ఏటికే వస్తుంది. పుట్టిల్లు మరవని చేప అనుకున్నాను. ఆ రోజునుంచే దానిమీద ప్రేమ పుట్టింది.

మేడమ్ కాలువ

షెడ్డుకి పెద్ద హెలెన్ మేడమ్. స్కాట్లాండ్ నుంచి వచ్చింది. వాళ్ళ ఊరి ఏరు ఎండాకాలంలో ముందెప్పుడూ లేనంత వేడెక్కుతోందట. అందులో ఎక్కే సాల్మన్ ఆ వేడిని ఎలా తట్టుకుంటుందో చూడటం ఆమె చదువు. దానికి ఖతర్ ఎందుకు అని అడిగితే నవ్వింది. వేడినీళ్ళు ఇక్కడ ఊరికే వస్తాయి సత్యా, చల్లటి నీళ్ళకే ఖర్చు అంది.

షెడ్డు పొడవునా ఒక కాలువ కట్టించింది. అడుగున రాళ్ళు, ఇసుక. మోటారుతో నీళ్ళు పారుతుంటాయి, అచ్చం ఏరులాగే. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసిన నీళ్ళు అవి. ఒక చివర కొంచెం వెచ్చగా, ఇంకో చివర చల్లగా ఉంటాయి. మధ్యమధ్యలో లోతు గుంటలు. చిట్టచివరి గుంటకి అడుగునుంచి సన్నటి గొట్టం ఒకటి పెట్టి, అందులోంచి బాగా చల్లటి నీళ్ళు మెల్లగా వచ్చేలా చేసింది. అది ఊటలాంటిది. వాళ్ళ ఏట్లో కూడా రాళ్ళ కిందనుంచి అలాంటి ఊటలు వస్తాయట.

నేను చూసింది చెబుతాను. నీళ్ళు వేడెక్కుతుంటే సాల్మన్ కంగారుపడి పరిగెత్తదు. ఆగుతుంది. ప్రయాణం మానేసి చల్లటి గుంట వెతుక్కుని, అడుగున రాళ్ళ పక్కన చేరి, కదలకుండా ఉంటుంది. ఎదురునీటికి ముఖం పెట్టి, తోక మాత్రం ఆడిస్తూ. నీళ్ళు చల్లబడే వేళ చూసుకుని పై గుంటకి వెళుతుంది, మళ్ళీ ఆగుతుంది. అసలు ఏట్లోకి రాకుండా, ఏరు సముద్రంలో కలిసే మొగలోనే వారాల తరబడి ఎదురుచూసేవి కూడా ఉంటాయని మేడమ్ చెప్పింది. ఏరు ఎక్కడం మొదలుపెట్టాక సాల్మన్ మేత ముట్టదు. ఒంట్లో ఉన్న కొవ్వే దాని దారిబత్తెం. వేడినీళ్ళలో తిరిగితే ఆ కొవ్వు తొందరగా కరిగిపోతుంది. పైగా వేడినీళ్ళలో గాలి తక్కువ. అందుకే ఆగటం దానికి బతుకు.

నీళ్ళు చల్లబరిచే చిల్లర్లు, మోటార్లు చూసే గంగారాం నా పక్కనే పనిచేసేవాడు. జగిత్యాల వైపు మనిషి. మేడమ్ చెప్పింది నేను చెబితే అతను ఆశ్చర్యపోలేదు.

"మనం గూడ గంతే గదక్కా," అన్నాడు. "బస్టాప్ కాంచి మెట్రో దాంక నీడ నీడకే నడుస్తం. ముషైరిబ్ స్టేషన్‌ల దిగి, పని లేకున్నా ఏసీల కూసుంటం. నేను సాల్మన్‌నే అనుకో."

"సాల్మన్ అయితే మీ ఊరు వెళ్ళేవాడివి. నువ్వు ఇక్కడే కూర్చున్నావు," అన్నాను.

"మా అమ్మకు నేను ఏడున్ననో గూడ ఎర్కలేదు. ఇంకా దుబాయ్‌ల ఉన్నడనే చెప్తది."

నీడ మాట అతను నవ్వుతూ అన్నా అది నిజం. జులైలో అల్ వక్రా రోడ్లమీద చూడండి. గోడ పక్కన జానెడు నీడ ఉంటే దాంట్లోనే వరసగా మనుషులు నడుస్తుంటారు.

ఎండలో రాసిన అక్షరాలు

ప్రతి చేప వీపుకీ ఒక రంగు బిళ్ళ, దానిమీద ఒక అక్షరం ఉండేవి. ఏ చేప ఏ గుంటలో ఉందో మేడమ్‌కి చెప్పాలి. నాకు రంగులే తెలుసు. మేడమ్ ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చూపించి నేర్పింది. ఆ అక్షరాలు వచ్చాక నాకు దిగులు పట్టుకుంది. చేప మీదున్నది చదవగలను, మా ఊరి బస్సు మీదున్నది చదవలేను. అప్పటికి నాకు యాభై దగ్గర పడుతున్నాయి.

తెలుగు నేర్పమని గంగారాంని అడిగాను. షెడ్డు వెనక చిల్లర్ల పక్కన సిమెంటు గోడ ఉంది. టీ తాగే వేళ అతను వేలు నీళ్ళలో ముంచి గోడమీద అక్షరం రాసేవాడు. ఆ ఎండకి అది ఆరేలోపు నేను పలకాలి. ఆలస్యమైతే గోడ ఖాళీ. గంగారాం మాత్రం ఉత్త గోడని చూపించి, "చదువక్కా, పెద్దగ రాసిన," అనేవాడు. మొదటి రోజుల్లో నేను నిజంగానే కళ్ళు చికిలించి వెతికేదాన్ని.

ఈ పనిలోకి వచ్చే అమ్మాయిలకి నేను ముందు చెప్పేది ఇది. బిళ్ళమీద అక్షరం రాకపోతే రాదని చెప్పండి. తెలిసినట్టు తల ఊపొద్దు. మీరు తల ఊపితే చేప పోతుంది.

దొరసాని

ఆడచేపల్లో ఒకదానికి తోక కొస కొంచెం చిరిగి ఉండేది. పసుపు బిళ్ళ. ఎవరినీ లెక్కచెయ్యకుండా మంచి చోటు ముందే చూసుకునేది. దాన్ని దొరసాని అని పిలిచాను. పొద్దున రాగానే గంగారాం అడిగే మొదటి మాట, "మీ దొరసాని లేసిందా అక్కా?" అని. మేడమ్ కూడా ఆ పేరే పలకడం నేర్చుకుంది.

దొరసాని మేత మానేసినప్పుడు బాబా ఊరుకోలేకపోయాడు. అది దాని స్వభావమని మేడమ్ ఎంత చెప్పినా తల ఊపాడే కానీ మనసుకి ఎక్కలేదు. ఇంటికొచ్చిన చుట్టం తినకపోతే మన ఇళ్ళల్లో ఎలా బాధపడతామో అలా బాధపడ్డాడు. ఒక మధ్యాహ్నం మేడమ్ లేనప్పుడు తోబు అనే తెల్లటి పొడుగు అంగీని మోకాళ్ళ పైకి ఎత్తి పట్టుకుని, కాలువ గట్టుమీద కూర్చుని, రొయ్యలు వలిచి ఒక్కొక్కటీ దాని ముందు వేస్తున్నాడు. అది చూడను కూడా చూడలేదు. రొయ్యలన్నీ రాళ్ళ సందుల్లో ఇరుక్కున్నాయి. మర్నాడు ఆ కుళ్ళు వాసనకి మేడమ్ ముక్కు మూసుకుంది. ఎవరు వేశారని అడిగితే మేం ముగ్గురం మూడు వైపులకి చూశాం. చివరికి బాబాయే, చిన్నపిల్లాడిలా, నేనే అన్నాడు.  మేడమ్ రాళ్ళు తుడిచే బ్రష్షు ఆయన చేతికి ఇచ్చింది. ఆయన నిజంగానే తుడిచాడు.

నేను చాలామంది యజమానుల గురించి విన్నాను. తప్పు చేశాక బ్రష్షు పట్టుకున్న యజమానిని మాత్రం ఈయన్నే చూశాను.

అయితే ఆయన కొడుకులు షెడ్డు ఖర్చు చూసి ఊరుకోలేదు. ఆ వేసవి మొదట్లో బాబా మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. వేసవి దాటిన చేపలు చలికాలానికి గుడ్లు పెట్టాలి, ఆ గుడ్లలో ప్రాణం ఉండాలి. అలా అయితే షెడ్డు ఉంటుంది. లేకపోతే దీన్ని ఖర్జూరాల గోడౌన్ చేస్తారు, నేనింక కాదనలేను అన్నాడు. గోడౌన్ అయితే మేడమ్ తన దేశానికి, గంగారాం వేరే కంపెనీ క్యాంపుకి, నేను మళ్ళీ వంటింట్లోకి. వంటపని చిన్నదని కాదు. కానీ దొరసానిని వదిలి గిన్నెల దగ్గరికి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

ఐసు

ఆగస్టులో ఒక మధ్యాహ్నం చిల్లర్ ఆగిపోయింది. గంగారాం మూత విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"కంప్రెసర్ కాలిందక్కా. కొత్తది రావాలె. పొద్దుమీకే దాంక రాదు."

మేడమ్ ఆ రోజు దుఖాన్ వైపు పరీక్షకి సముద్రపు నీళ్ళు పట్టడానికి పడవమీద వెళ్ళింది. ఫోన్ కలవలేదు. బాబాకి చేశాం.

బయట ఎండకి షెడ్డు రేకు కాలుతోంది. కాలువలో నీళ్ళు చేతికి తెలిసేలా వేడెక్కుతున్నాయి. చేపలన్నీ ఒక్కొక్కటే ఆఖరి గుంటకి చేరాయి. ఆఫీసులు వదిలే వేళ బస్సులో జనంలా ఒకదాని పక్కన ఒకటి. అడుగున ఇంకా చల్లదనం మిగిలి ఉంది.

అప్పుడు బాబా వచ్చాడు. అల్ వక్రా హార్బరులో పడవలకి వేసే ఐసు, తన ఖరీదైన బండి వెనక నిండా పోయించుకుని వచ్చాడు. సీట్లమీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎవ్వరం ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆయనదీ వేటగాళ్ళ వంశమే, నాదీ అదే. మాకు పుట్టినప్పటినుంచీ చేప అంటే ఐసు. చేప పాడవకూడదంటే ఐసు వెయ్యాలి. గంగారాం అడ్డు చెప్పలేదు, చేపల సంగతి మాకే తెలుసని అతని నమ్మకం. ముగ్గురం కలిసి బస్తాలు మోసి ఆఖరి గుంటలో గుమ్మరించాం.

ఐసు చచ్చిన చేపకి. ఆ సంగతి మా ఇద్దరికీ అప్పుడు తట్టలేదు.

గడ్డలు పడ్డ చప్పుడుకి చేపలు చెదిరిపోయాయి. పైన ఐసు కరుగుతుంటే పైనీళ్ళూ కిందినీళ్ళూ కలిసి, అడుగున పేరుకున్న చల్లదనం కాస్తా పోయింది. ఆ ఐసు కుళాయి నీళ్ళతో చేసింది, అందులో కలిపే క్లోరిన్ మందు వాసన వేస్తోంది. చేపలు ఆ గుంట వదిలేసి వెచ్చటి కాలువలోకి పారిపోయాయి. మా కళ్ళముందే రెండు మగచేపలు పక్కకి ఒరిగాయి.

అప్పుడు మేడమ్ ఫోన్ వచ్చింది. నేను వచ్చిన మాటల్లో చెప్పాను. ఆమె అరవలేదు. ఐసు గడ్డలు చప్పుడు కాకుండా తీసెయ్యమంది. దీపాలు ఆర్పమంది. గాలి గొట్టాలు అన్నీ తెరవమంది. గట్టుమీద ఎవరూ నడవొద్దంది. చల్లదనం ఇస్తే అడుగునుంచి, మెల్లగా, ఊటలాగే రావాలి అంది. చివర్లో ఆమె అన్న మాట నేను మర్చిపోను.

"సత్యా, వాటికి సాయం చెయ్యకు. చోటు వదులు."

ఊటలాగా ఎలా ఇస్తాం అని నేను గంగారాం ముఖం చూశాను. అతను ఐసు బస్తాలకేసి చూస్తున్నాడు.

"ఐసును నీళ్లల్ల ఎయ్యొద్దు గానీ, నీళ్లను ఐసు కాడికి తోల్కపోదాం అక్కా."

పాత ఏసీల రాగి గొట్టం అతని దగ్గర ఉంది. దాన్ని చుట్టలు చుట్టి డ్రమ్ములో పెట్టి, చుట్టూ ఐసు నింపాడు. గుంటలో నీళ్ళనే చిన్న మోటారుతో ఆ గొట్టంలోంచి తిప్పి మళ్ళీ గుంట అడుగుకి వదిలాడు. సన్నటి ధార. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఇది చాలుతుందా అని ఎవరికీ తెలియదు.

చెయ్యి పెట్టకుండా ఉండటం

మీరు ఈ పనిలో నేర్చుకోవాల్సిన కష్టమైన పని ఇదే. ఊరికే కూర్చోవడం. చీకటి షెడ్డులో మేం ముగ్గురం బకెట్లు బోర్లించుకుని కూర్చున్నాం. బాబా తోబు తడిసి ఒంటికి అంటుకుపోయింది. గాలి బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి ఒక చేప గుంటలోకి తిరిగి వచ్చింది. తరవాత ఇంకోటి. చల్లటి ధార దగ్గర అడుగున సర్దుకున్నాయి. అలా చాలావరకు వచ్చేశాయి. దొరసాని రాలేదు. అది కాలువ మధ్యలో, లోతు లేని చోట, ఒక పెద్ద రాయి పక్కన ఆగిపోయింది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. దాని కడుపునిండా గుడ్లు.

బాబా లేచాడు. గోడకున్న వల చేతిలోకి తీసుకున్నాడు. ఎత్తి గుంటలో వేస్తే సరిపోతుంది కదా అని సైగ చేశాడు. రెండు అడుగుల దూరం. నాకూ మనసు అదే చెప్పింది. కానీ వేడికి అలిసిన చేపని వలతో పడితే, ఆ గింజుకోవడంలోనే దాని ప్రాణం పోతుందని మేడమ్ ముందే చెప్పింది. ఆయన వల నీళ్ళమీదకి వంచాడు. నేను వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"లా, బాబా," అన్నాను. "హాత్ మత్ లగావో."

వద్దు, చెయ్యి పెట్టొద్దు అని. ఇన్నేళ్ళ డ్యూటీలో యజమాని చెయ్యి నేనెప్పుడూ పట్టుకోలేదు.  బాబా నా చేతికేసి చూశాడు. తరవాత నీళ్ళకేసి చూశాడు. వల మళ్ళీ గోడకి తగిలించి, వచ్చి తన బకెట్టుమీద కూర్చున్నాడు.

దొరసాని అక్కడే ఉంది. పోతుందనే అనుకున్నాను. పోతే నా వల్లే పోయినట్టు అని కూడా అనుకున్నాను. అప్పుడది కదిలింది. ఆ రాయి నుంచి ముందున్న రాయి దాకా. అక్కడ ఆగింది. మళ్ళీ ఇంకో రాయి దాకా. ఆగింది.

"నీడ నీడకే వస్తున్నదక్కా," అని గంగారాం గొణిగాడు.

ఆఖరి గుంట అంచు దగ్గర చాలాసేపు ఆగి, ఒక్కసారి తోక కొట్టి కిందికి దిగిపోయింది. బాబా తల గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమట ఒక్కటే కాదనుకుంటాను. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినిపించే వేళకి కంప్రెసర్ వచ్చింది.

చలికాలం

ఆ మధ్యాహ్నం ఫలితం తరవాత వారాల్లోనూ కనిపించింది. కొన్నిటికి ఒంటిమీద తెల్లటి దూదిలాంటి బూజు పట్టింది. ఆడచేపలు కొన్ని పోయాయి. వేడి తగిలిన చేప ఆ రోజే చావాలని లేదు, అదీ గుర్తుపెట్టుకోండి. చల్లబడింది కదా అని నిర్లక్ష్యం చెయ్యొద్దు.  మేడమ్ ఐసు గురించి తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపుకి అంటించింది. ఇంగ్లీషులో ఆమె, అరబ్బీలో బాబా, కింద తెలుగులో నేను. ఐసు లోపల వేయరాదు. నేను రాసిన మొదటి బోర్డు అది.

చలిగాలి మొదలయ్యాక గుడ్లు తీసే రోజు వచ్చింది. చేతులు బాగా తడుపుకుని దొరసానిని నేను పట్టుకున్నాను. పొడిచెయ్యి తగిలితే చేప ఒంటి జిగురు పోతుంది. మేడమ్ కడుపుమీద మెల్లగా నిమిరితే నారింజరంగు గుడ్లు గిన్నెలోకి జారాయి. బతికిన మగచేపల బీజం వాటిలో కలిపింది. బాబా లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి, అయిందా అని గంగారాంని అడుగుతూ ఉన్నాడు. పురుడు జరిగే ఇంటి ముందు మగవాళ్ళు నిలబడినట్టు.

గుడ్లు చాలావరకు తెల్లబడి చచ్చిపోయాయి. వేసవి వేడి తల్లి కడుపులోని గుడ్లనీ తాకుతుందని మేడమ్ చెప్పింది. రోజూ తెల్లబడినవాటిని ఏరి పారెయ్యడం నా పని. ఏరేకొద్దీ పళ్ళెం ఖాళీ అవుతుంటే, నా మనసు వంటింటి గిన్నెలమీదకి పోయేది.

ఒక పొద్దున పళ్ళెం దీపం కింద పెట్టి వంగి చూశాను. మిగిలిన గుడ్లలో ఒకదాంట్లో రెండు నల్లటి చుక్కలు. పక్కదాంట్లోనూ రెండు. కళ్ళు. నేను మేడమ్‌ని పిలవడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను. ఎక్కువ లేవు. కానీ ఉన్నాయి.

ఆ సాయంత్రం బాబా తన కొడుకులని వెంటబెట్టుకుని వచ్చి, గుడ్లు చూపించి, పెద్ద పళ్ళెం నిండా ఖర్జూరాలు మా ముందు పెట్టాడు. గోడౌన్ ఖర్జూరాలా బాబా అని గంగారాం హిందీలో అడిగితే, గోడౌన్ లేదు, తినండి అన్నాడు.

గుడ్లు తీశాక దొరసానిని మళ్ళీ కాలువలో వదిలాం. స్కాట్లాండ్ జాతి సాల్మన్‌లో కొన్ని గుడ్లు పెట్టాక కూడా బతుకుతాయి. జనవరి నీళ్ళు ఎక్కడ చూసినా చల్లగానే ఉన్నాయి. ఏ చోటైనా ఒకటే. అయినా అది కాలువంతా దాటుకుని ఆఖరి గుంటకే వెళ్ళి అడుగున ఆగింది. ఇప్పుడు అక్కడేం పని దీనికి అని మేడమ్‌ని అడిగాను. తెలియదు సత్యా అంది.

ఆ సాయంత్రమే అల్ వక్రాలో బస్సు దిగి గదికి నడుస్తున్నాను. హాయైన గాలి. జనమంతా నీరెండ కోసం రోడ్డుకి అవతలి పక్కన నడుస్తున్నారు. నేను ఒక్కదాన్నే గోడ పక్కన, జానెడు నీడలో నడుస్తున్నాను.